నోటిపూతను ఆపే మంచుముక్క

మీకెప్పుడైనా నోరు పూసిందా? పెదవి లోపలి వైపునో, నాలుక అంచుననో కందిబేడంత తెల్లటి మచ్చ. దాని చుట్టూ సన్నని ఎర్ర గీత. చూడటానికి ఇంతే. కాని ఆ నోటితో సంగటి ముద్దను ఊరుబిండిలో అద్దుకుని తిని చూడండి! కళ్ళల్లో నీళ్ళు తిరుగుతాయి. మజ్జిగ తాగినా చురుక్కుమంటుంది. ఒక్క పుండు ఇంత బాధపెడుతుంది కదా! మరి అలాంటి పుండ్లు నాలుక మీద, బుగ్గల లోపల, గొంతు దాకా ఒకేసారి లేస్తే?

కేన్సర్‌కు మందు తీసుకునే వాళ్ళలో చాలామందికి సరిగ్గా అదే జరుగుతుంది. వ్యాధి బాధకు ఈ బాధ తోడవుతుంది. దీనిని తగ్గించడానికి ఖరీదైన యంత్రాలేవీ అక్కరలేని ఒక ఉపాయం ఉంది. అదే మంచుముక్క. మనం ఐసు అంటామే, అదే! కొన్ని మందులు ఎక్కించే సమయంలో నోట్లో మంచుముక్కలు పెట్టుకుంటే నోటిపూత బాగా తగ్గుతుందని పరీక్షలు చేసి తేల్చారు. మంచుకూ, మందుకూ, నోటికీ ఏమిటి సంబంధం? చూద్దాం.

నోటి లోపలి పొర

మన శరీరాన్ని బయట చర్మం కప్పినట్లే నోటి లోపల కూడా ఒక పొర ఉంటుంది. ఎప్పుడూ తడిగా, మెత్తగా ఉండే ఈ పొరను శ్లేష్మపొర అంటారు. దీనికి రోజంతా పనే. వేడి అన్నం, గట్టి మురుకులు, పుల్లటి చింతపండు చారు, అన్నీ దీనిని రాసుకునే లోపలికి పోతాయి. ఆ రాపిడికి పై వరుసలోని కణాలు రాలిపోతూ ఉంటాయి. అడుగు వరుసలోని కణాలు ఒకటి రెండుగా, రెండు నాలుగుగా చీలి, కొత్త కణాలను పైకి పంపుతూ ఉంటాయి. దీనినే కణవిభజన అంటారని మీరు జీవశాస్త్ర పాఠంలో చదివే ఉంటారు. ఈ విధంగా సుమారు 7 నుంచి 14 రోజులలో నోటి పొర మొత్తం కొత్తదైపోతుంది. రెండు వారాల క్రితం మీ బుగ్గ లోపల ఉన్న పై పొర ఇప్పుడు లేదన్నమాట!

ఇలా త్వరత్వరగా విభజన చెందే కణాలు శరీరంలో మరికొన్ని చోట్ల కూడా ఉన్నాయి. వెంట్రుకల కుదుళ్ళు, ప్రేగుల లోపలి పొర, రక్తకణాలను తయారు చేసే ఎముకల మూలుగ వాటిలో ముఖ్యమైనవి. ఈ జాబితాను గుర్తుపెట్టుకోండి. దీనితో మనకు పని ఉంది.

మందుకు కళ్ళు లేవు

కేన్సర్ అంటే ఏమిటి? శరీరంలోని కొన్ని కణాలు అదుపు తప్పి, అవసరం లేకపోయినా విభజన చెందుతూ పోవడమే కేన్సర్. కాబట్టి కణవిభజనను అడ్డుకునే రసాయనాలను రక్తంలోకి ఎక్కిస్తే ఆ కణాలు చస్తాయి. ఇదే రసాయన చికిత్స. ఆసుపత్రులలో కీమోథెరపీ అంటారు.

ధర్మవరంలో పట్టునూలుకు రంగు వేసే చోటును మీలో కొందరు చూసి ఉంటారు. తొట్టిలో రంగునీళ్ళు కాగుతూ ఉంటాయి. అందులో నూలు చిలపను ముంచితే ప్రతి పోగుకూ రంగు పట్టుతుంది. అంచుకు ఒక రంగు, ఒంటికి ఒక రంగు కావాలనుకుంటే రెండు నూళ్ళనూ వేరు చేసి, వేరు వేరు తొట్లలో ముంచాలి. కాని మనిషి శరీరంలో అలా వేరు చేయడం ఎలా? రక్తం ఒక్కటే. సూదితో ఎక్కించిన మందు ఆ రక్తంతో పాటు ఒకటి రెండు నిమిషాలలోనే ఒళ్ళంతా తిరిగి వస్తుంది.

పైగా మందుకు కళ్ళు లేవు. ‘ఇది చెడ్డ కణం, ఇది మంచి కణం’ అని దానికి తెలియదు. త్వరగా విభజన చెందే కణం ఏది కనబడినా దెబ్బ తీస్తుంది. ఇందాకటి జాబితాను ఇప్పుడు మళ్ళీ చూడండి. వెంట్రుకల కుదుళ్ళు దెబ్బతింటే జుట్టు రాలుతుంది. ప్రేగులు దెబ్బతింటే విరేచనాలవుతాయి. మూలుగ దెబ్బతింటే తెల్ల రక్తకణాలు తగ్గి రోగనిరోధక శక్తి తగ్గుతుంది. నోటి పొర దెబ్బతింటే రాలిన పై కణాల స్థానంలో కొత్తవి రావు. పొర పలచబడి, చిట్లి, పుండ్లు పడతాయి. మందు ఎక్కించిన రోజే ఇది కనబడదు. ఉన్న కణాలు రాలిపోవడానికి కొంత కాలం పడుతుంది గదా! అందుకే సాధారణంగా 5 నుంచి 10 రోజుల తరువాత, రోగి ఇంటికి చేరుకున్నాక, నోరు పూయడం మొదలవుతుంది.

భీమవరం నుంచి వచ్చిన మందు

ఈ కథలో తెలుగువాడికి పెద్ద పాత్ర ఉంది. ఆయన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, అమెరికా వెళ్ళి హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో పరిశోధనలు చేశారు. 1940లో లెడర్లీ అనే మందుల సంస్థలో చేరారు.

ఆయన సోదరులిద్దరు స్ప్రూ అనే వ్యాధితో మరణించారు. ఈ వ్యాధిలో నోరూ నాలుకా పూస్తాయి, విరేచనాలవుతాయి, రక్తం తగ్గిపోయి మనిషి చిక్కిపోతాడు. ఈ లక్షణాలను మన జాబితాతో పోల్చి చూడండి. నోరు, ప్రేగులు, మూలుగ! త్వరగా విభజన చెందే కణాలున్న చోట్లే అవి. స్ప్రూ రోగులలో ఆహారంలోని ఫోలిక్ ఆమ్లం అనే విటమిన్ ఒంటికి పట్టదు. అది లేకపోతే కణాలు విభజన చెందలేవు. ఆకుకూరలలో ఉండే ఈ విటమిన్‌ను ప్రయోగశాలలో తయారు చేసే మార్గాన్ని 1940లలో కనుగొన్నది సుబ్బారావు గారి బృందమే.

తరువాత ఆ బృందం ఫోలిక్ ఆమ్లాన్ని పోలిన ‘దొంగ’ ఫోలిక్ ఆమ్లాలను కూడా తయారు చేసింది. దొంగ తాళంచెవి తాళంలో దూరుతుంది కాని తిరగదు. అంతేకాదు, అసలు తాళంచెవిని కూడా దూరనివ్వదు. ఈ మందులు కణాల విషయంలో అదే పని చేస్తాయి. బోస్టన్ నగరంలో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ వాటిలో ఒకటైన అమైనోప్టెరిన్‌ను రక్తకేన్సర్ వచ్చిన పిల్లలకు ఇచ్చారు. 16 మంది పిల్లలలో 10 మందికి కొంతకాలం జబ్బు తగ్గుముఖం పట్టిందని 1948లో ప్రకటించారు. అంతవరకూ ఆ జబ్బుకు మందన్నదే లేదు. అదే సంవత్సరం ఆగస్టులో సుబ్బారావు గారు న్యూయార్క్‌లో కన్నుమూశారు. ఆయన బృందం నుంచే వచ్చిన మెథోట్రెక్సేట్ అనే మందును నేటికీ వాడుతున్నారు.

ఫార్బర్ గారు ఆ పిల్లలలో ఒక చెడు ఫలితాన్ని కూడా గమనించారు. అది నోటిపూత! ఆశ్చర్యమేమీ లేదు. ఫోలిక్ ఆమ్లం అందక స్ప్రూలో నోరు పూస్తుంది. ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకునే మందుతోనూ నోరు పూస్తుంది. కారణం ఒక్కటే.

నోటిపూత చిన్న విషయమా?

‘ప్రాణాల మీదికి వచ్చిన జబ్బు ముందు నోటిపూత ఏపాటిది?’ అని మీకనిపించవచ్చు. సాధారణ మోతాదులో మందులు తీసుకునేవారిలో నూటికి 20 నుంచి 40 మందికి ఇది వస్తుంది. బాగా పెద్ద మోతాదులో తీసుకునేవారిలో నూటికి 80 మంది వరకు వస్తుంది. తీవ్రంగా వస్తే అన్నం సంగతి అటుంచి, ఉమ్మి మింగడం కూడా కష్టమవుతుంది. తిండి లేక బరువు తగ్గుతారు. సరిగ్గా ఆ రోజులలోనే తెల్ల రక్తకణాలు కూడా తగ్గి ఉంటాయి. పుండు అంటే తెరిచి ఉన్న తలుపు. నోటిలోని సూక్ష్మజీవులు ఆ తలుపు గుండా రక్తంలోకి పోతే ప్రాణాపాయం. అప్పుడు డాక్టర్లు తరువాతి మోతాదును తగ్గించవలసి వస్తుంది, లేదా వాయిదా వేయవలసి వస్తుంది. కేన్సర్ కణాలకు కావలసింది ఆ వ్యవధే.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల వారికి ఇది ఇంకా పెద్ద సమస్య. ఇక్కడి రోగులు చాలామంది రైలెక్కి బెంగళూరు వెళతారు. అక్కడి కిద్వాయి స్మారక కేన్సర్ సంస్థ 1973 నుంచి వైద్యం అందిస్తున్నది. హిందూపురానికి దగ్గర దగ్గర వంద కిలోమీటర్లు. ధర్మవరం వారికి ఇంకా దూరం. మందు ఎక్కించుకుని ఇంటికి తిరిగి వచ్చాక వారం రోజులకు నోరు పుండయిందంటే మళ్ళీ ప్రయాణం, మళ్ళీ ఖర్చు, తోడు వచ్చినవారికి మగ్గం పనో పొలం పనో పోవడం. కొందరు విసిగి వైద్యమే మానుకుంటారు. నోటిపూతను ఆపగలిగితే ఆ వైద్యం సగంలో ఆగకుండా చూడవచ్చు.

మంచును పరీక్షకు పెట్టారు

1957లో అమెరికాలో చార్లెస్ హైడెల్‌బర్గర్ అనే శాస్త్రజ్ఞుడు 5-ఫ్లోరోయురాసిల్ అనే మందును వెలువరించాడు. యురాసిల్ అనేది మన కణాలలో సహజంగా ఉండే పదార్థం. అందులోని ఒక హైడ్రోజన్ పరమాణువును తీసివేసి దాని స్థానంలో ఫ్లోరిన్ పరమాణువును పెడితే ఈ మందు తయారవుతుంది. మన జిల్లాలోని కొన్ని పల్లెల బోరునీటిలో ఎక్కువగా ఉండి పళ్ళకు గారపట్టించే ఫ్లోరైడుకు మూలమైన ఫ్లోరినే ఇది! ఇది కూడా దొంగ తాళంచెవి లాంటిదే. పెద్దప్రేగు కేన్సర్‌కు దీనిని విరివిగా వాడతారు. దీనితో నోరు బాగా పూస్తుంది.

అయితే దీనికి ఒక ప్రత్యేకత ఉంది. ఒక్కసారిగా సూదితో నరంలోకి ఎక్కిస్తే ఇది రక్తంలో ఎక్కువసేపు నిలవదు. 10 నుంచి 20 నిమిషాలలో సగం అయిపోతుంది. ‘ఆ కొద్దిసేపు నోటికి రక్తం తక్కువగా పారేటట్లు చేస్తే నోటికి మందు తక్కువగా చేరుతుంది గదా!’ అని కొందరు డాక్టర్లు ఆలోచించారు. రక్తప్రవాహాన్ని తగ్గించడానికి అన్నింటికంటే సులువైన మార్గం చల్లదనం.

ఆలోచన బాగున్నంత మాత్రాన అది నిజమని శాస్త్రం ఒప్పుకోదు. పరీక్షించాలి. రోగులను చీటీలు వేసినట్లుగా రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు మందు ఎక్కించడానికి 5 నిమిషాల ముందు మొదలుపెట్టి మొత్తం 30 నిమిషాలు నోట్లో మంచుముక్కలు ఉంచారు. రెండవ జట్టుకు ఏమీ ఇవ్వలేదు. చీటీలు వేయడం ఎందుకు? డాక్టరే ఎంచితే, తెలియకుండానే బలంగా ఉన్నవారినందరినీ ఒకే జట్టులో చేర్చే ప్రమాదం ఉంది. అప్పుడు మంచు గొప్పదనమేదో, మనిషి బలమేదో తేలదు. ఈ పరీక్ష ఫలితం 1991లో వెలువడింది. మంచు పెట్టుకున్న జట్టులో నోటిపూత తీవ్రత దాదాపు సగానికి తగ్గింది!

‘అరగంటకే ఇంత మేలైతే గంటసేపు పెడితే ఇంకా మేలు కాదా?’ అని అడుగుతారా? ఆ ప్రశ్న వాళ్ళకూ వచ్చింది. దానినీ పరీక్షించి 1993లో ప్రకటించారు. గంటసేపు పెట్టినందువల్ల అదనపు లాభమేమీ కనబడలేదు. ఆ తరువాత ఎన్నో దేశాలలో ఇలాంటి పరీక్షలు జరిగాయి. 2015లో 14 పరీక్షలను, 1280 మంది రోగుల వివరాలను ఒకచోట చేర్చి పరిశీలించారు. 5-ఫ్లోరోయురాసిల్ తీసుకునే వెయ్యిమందిలో మంచు లేకపోతే సుమారు 730 మందికి నోరు పూస్తుందనుకుంటే, మంచు వాడినప్పుడు సుమారు 440 మందికే పూస్తుందని తేలింది. పూర్తిగా పోలేదు, నిజమే. కాని వెయ్యిమందిలో 290 మంది తప్పించుకోవడం తక్కువ సంగతా?

మంచు చేసే రెండు పనులు

మొదటిది: చలికి మన సన్నని రక్తనాళాలు ముడుచుకుంటాయి. ఒంట్లోని వేడి బయటికి పోకుండా కాపాడుకోవడానికి శరీరం చేసుకున్న ఏర్పాటు ఇది. నాళం ఇరుకైతే రక్తం తక్కువగా పారుతుంది. రక్తంతో వచ్చే మందు కూడా తక్కువగానే చేరుతుంది. పెనుకొండ కోటను తలచుకోండి. 1565లో తళ్ళికోట యుద్ధం తరువాత విజయనగర ప్రభువులు రాజధానిని మార్చుకున్నది ఆ కోటకే. శత్రుసేన దారిన పోతున్నంతసేపూ కోట తలుపులు మూసి ఉంచి, అది దాటిపోయాక తెరిస్తే లోపలివారు క్షేమం. మంచు వేసేది ఆ తలుపులనే.

రెండవది: చల్లదనంలో కణాల పని మందగిస్తుంది. మన ప్రాంతంలో పట్టుపురుగులను పెంచేవారికి ఈ సంగతి బాగా తెలుసు. పట్టుపురుగు గుడ్లు కావలసిన తేదీ కంటే ముందే పగలకుండా ఉండాలంటే వాటిని శీతల గదులలో దాస్తారు. అక్కడ గుడ్డు చావదు. కాని దానిలోని పని నెమ్మదిస్తుంది. నోటి కణాలు కూడా అంతే. చల్లబడిన కణం మందును తక్కువగా లోపలికి తీసుకుంటుంది, విభజన పనిని నెమ్మదిగా చేస్తుంది. పనిచేయని యంత్రాన్ని దొంగ తాళంచెవి పాడుచేయలేదు గదా!

మరి చల్లటి నీళ్ళు పుక్కిలిస్తే చాలదా? మంచే ఎందుకు? భౌతికశాస్త్రంలో మీరు చదివిన గుప్తోష్ణం ఇక్కడ పనికివస్తుంది. 10 గ్రాముల నీళ్ళు 5 డిగ్రీల నుంచి నోటి వేడికి, అంటే 37 డిగ్రీలకు, చేరడానికి 10 × 32 = 320 కేలరీల వేడిని నోటి నుంచి లాక్కుంటాయి. అదే 10 గ్రాముల మంచు? ముందుగా కరగడానికే గ్రాముకు 80 చొప్పున 800 కేలరీలు తీసుకుంటుంది. ఆ తరువాత 0 నుంచి 37 డిగ్రీలకు చేరడానికి మరో 370. మొత్తం 1170 కేలరీలు! అంటే చల్లటి నీళ్ళ కంటే మూడున్నర రెట్లకు పైగా చల్లబరుస్తుంది. కరుగుతున్నంతసేపూ 0 డిగ్రీల దగ్గరే ఉంటుంది కూడా.

లెక్క వేసి చూద్దాం

అన్ని కేన్సర్ మందులకూ మంచు పనిచేస్తుందా? చేయదు. ఎందుకు చేయదో మీరే లెక్క వేసి చెప్పగలరు.

5-ఫ్లోరోయురాసిల్ 15 నిమిషాలకు సగమవుతుందనుకుందాం. మొదట రక్తంలో 100 పాళ్ళు ఉంటే 15 నిమిషాలకు 50, 30 నిమిషాలకు 25, 45 నిమిషాలకు పన్నెండున్నర, గంటకు 6 పాళ్ళు మిగులుతాయి. అరగంటలో ఉధృతమంతా గడిచిపోయింది. అందుకే అరగంట మంచు చాలింది, గంట మంచు అదనంగా చేసిందేమీ లేదు.

మెల్ఫలాన్ అనే మరో మందు ఉంది. మూలుగ మార్పిడి చేసేటప్పుడు దీనిని పెద్ద మోతాదులో ఇస్తారు. ఇది సుమారు గంటన్నరకు సగమవుతుందనుకుందాం. అరగంట గడిచేసరికి ఇంకా 79 పాళ్ళు మిగిలే ఉంటాయి. కాబట్టి మంచును ఇంకా ఎక్కువసేపు పెట్టాలి. కష్టమే కాని చేయవచ్చు. ఈ మందుకు కూడా మంచు మేలు చేస్తుందని పరీక్షలలో తేలింది.

సుబ్బారావు గారి బృందం ఇచ్చిన మెథోట్రెక్సేట్ సంగతి వేరు. అది సగం కావడానికి సుమారు 8 గంటలు పడుతుందనుకోండి. అరగంట తరువాత కూడా 96 పాళ్ళు అలాగే ఉంటాయి! శత్రువు కోట చుట్టూ గుడారాలు వేసుకుని కూర్చుంటే ఎంతసేపని తలుపులు మూసి ఉంచగలం? రాత్రింబగళ్ళు నోట్లో మంచు పెట్టుకోలేం గదా! అందుకే పెద్ద మోతాదులో ఈ మందు ఇచ్చినప్పుడు డాక్టర్లు వేరే ఉపాయం చేస్తారు. ఫోలినిక్ ఆమ్లం అనే మందును తరువాత ఇచ్చి ఆరోగ్యంగా ఉన్న కణాలను కాపాడతారు. దొంగ తాళంచెవి అడ్డుపడిన తలుపును వదిలి, పక్క తలుపు గుండా విటమిన్‌ను లోపలికి పంపడం లాంటిది అది.

5-ఫ్లోరోయురాసిల్‌నే అయినా, ఈ రోజులలో తరచుగా చేస్తున్నట్లు రెండు రోజుల పాటు సన్నగా ఎక్కిస్తూ ఉంటే అరగంట మంచు వల్ల పెద్ద లాభం ఉండదు. గుట్కా, పొగాకు వల్ల నోటి కేన్సర్ వచ్చినవారికి రేడియేషన్ ఇచ్చేటప్పుడు నోరు పూస్తుంది. ఆ కిరణాలు రక్తం ద్వారా రావు గదా! కాబట్టి రక్తనాళాలను ముడిచే మంచు అక్కడ అక్కరకు రాదు.

చల్లదనాన్ని వేరే చోట్ల కూడా వాడుతున్నారు. కొన్ని మందులు ఎక్కించేటప్పుడు తలకు చల్లటి టోపీ పెట్టి జుట్టు రాలడాన్ని తగ్గిస్తారు. గోళ్ళు పాడుకాకుండా చేతులకు మంచు తొడుగులు వేస్తారు. సూత్రం ఒకటే అని మీరు ఇప్పటికే గ్రహించి ఉంటారు.

మంచిదే కాని జాగ్రత్త!

మంచు ఇంట్లో దొరికేదే అయినా దీనిని సొంతంగా మొదలుపెట్టరాదు. ఆక్సాలిప్లాటిన్ అనే మందు తీసుకునేవారికి చలి అస్సలు పడదు. చల్లటిది నోట్లో పెట్టుకుంటే గొంతు బిగుసుకుపోయి ఊపిరి ఆడనట్లు అవుతుంది. పెద్దప్రేగు కేన్సర్‌కు ఈ మందును 5-ఫ్లోరోయురాసిల్‌తో కలిపి ఇవ్వడం మామూలే. పైగా కేన్సర్ నోట్లోనే ఉంటే చల్లదనం ఆ చెడ్డ కణాలకు కూడా రక్షణ ఇవ్వవచ్చు. కాబట్టి ఎవరికి పెట్టాలి, ఎంతసేపు పెట్టాలి అన్నది డాక్టరే చెప్పాలి. రోగి తరఫువారు ‘అయ్యా, ఈ మందుకు ఐసు పెట్టుకోవచ్చునా?’ అని అడగడంలో తప్పేమీ లేదు.

డాక్టర్ సరేనంటే రెండవ జాగ్రత్త మంచు గురించి. నీరు గడ్డకట్టినంత మాత్రాన దానిలోని సూక్ష్మజీవులన్నీ చావవు. కొన్ని నిద్రపోతాయంతే. మంచు కరగగానే లేస్తాయి. ఎండాకాలంలో బండి మీద అమ్మే పుల్ల ఐసు, సోడా అంగడిలో పగలగొట్టే ఐసుగడ్డ ఏ నీటితో చేశారో మనకు తెలియదు. నిరోధక శక్తి తగ్గిన మనిషికి అవి పనికిరావు. నీటిని బాగా మరగకాచి, చల్లార్చి, శుభ్రమైన పాత్రలో పోసి, మూతపెట్టి గడ్డకట్టించాలి. ముక్కలు చిన్నవిగా, అంచులు కోసుకోకుండా ఉండాలి. కొరకకూడదు. నాలుకతో అటూ ఇటూ తిప్పుతూ నోరంతా చల్లబడేటట్లు చూడాలి. కరిగిపోతూ ఉంటే మరో ముక్క వేసుకోవాలి.

ఒకవేళ నోరు పూస్తే? కారం, పులుపు, వేడి మానాలి. చల్లారిన రాగి జావ, పెరుగన్నం, మెత్తగా చిదిమిన అరటిపండు మింగడానికి సులువు. లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఒక చిన్న చెంచా ఉప్పు, ఒక చిన్న చెంచా తినే సోడా కలిపి రోజుకు చాలాసార్లు పుక్కిలించి ఉమ్మివేయాలి. మెత్తటి బ్రష్షుతో పళ్ళు తోముకోవాలి. జ్వరం వస్తే మాత్రం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళాలి.

మీరు చేసి చూడండి

1. ఒక గిన్నెలో నీళ్ళు పోసి మంచుముక్కలు వేయండి. ఎడమచేతి చూపుడు వేలిని అందులో ఒక నిమిషం ఉంచి తీయండి. అంతకంటే ఎక్కువసేపు ఉంచకండి. ఇప్పుడు రెండు చేతుల చూపుడు వేళ్ళ గోళ్ళనూ నొక్కి వదలండి. నొక్కినప్పుడు గోరు తెల్లబడుతుంది, వదిలితే మళ్ళీ ఎర్రబడుతుంది. ఏ గోరు ఆలస్యంగా ఎర్రబడింది?

2. మూడు గాజుగ్లాసులు తీసుకోండి. ఒకదానిలో మంచునీళ్ళు, ఒకదానిలో కుండనీళ్ళు, ఒకదానిలో వేడినీళ్ళు పోయండి. కదపకుండా ఒక్కొక్కదానిలో ఒక్కొక్క సిరాచుక్క వేయండి. సిరా ఏ గ్లాసులో త్వరగా వ్యాపించింది? గడియారం చూసి రాసుకోండి.

3. కాచిన నీటితో చేసిన ఒక మంచుముక్కను నోట్లో వేసుకుని, కొరకకుండా, ఎన్ని నిమిషాలకు కరుగుతుందో చూడండి. అరగంటకు ఎన్ని ముక్కలు కావాలో లెక్క కట్టండి. హిందూపురం నుంచి బయలుదేరిన రోగి ఆ ముక్కలను కరగకుండా బెంగళూరు దాకా తీసుకుపోవాలంటే దేనిలో పెట్టుకోవాలి? ఎందుకు?

ఆలోచించండి

ఒక మందు రక్తంలో 20 నిమిషాలకు సగమవుతుంది. మరొక మందు 6 గంటలకు సగమవుతుంది. రెండింటితోనూ నోరు పూస్తుంది. ఏ మందు ఎక్కించేటప్పుడు మంచు పనికివస్తుంది? గంట గడిచాక రెండు మందులూ నూటికి ఎన్ని పాళ్ళు మిగులుతాయి? లెక్క మీకు వచ్చింది. మీ ఇంట్లో గానీ, మీ వీధిలో గానీ ఎవరైనా కేన్సర్ మందులకు బెంగళూరు వెళ్ళి వస్తూ ఉంటే, ఈ లెక్కను వాళ్ళకు అర్థమయ్యే మాటలలో చెప్పండి. వాళ్ళు తరువాతిసారి వెళ్ళినప్పుడు డాక్టర్‌ను ఒక్క ప్రశ్న అడిగితే చాలు, మీరు చదివినది పనికివచ్చినట్లే.